అక్వేరియంలో ముందు నీళ్ళు చూడాలి: ఇంటిల్లిపాదీ చెన్నై వెళ్ళొచ్చిన అనుభవం

భీమవరం దగ్గర రొయ్యల చెరువులకి నీటి పరీక్షలు చేయడం నా పని. ఉప్పదనం, డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్), అమ్మోనియా, పీహెచ్ రోజూ చూసేవాణ్ణి కాబట్టి అక్వేరియం అనగానే నాకు చేపలకన్నా ముందు నీళ్ళే గుర్తొస్తాయి. అమ్మ, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాపతో కలిసి చెన్నై వెళ్ళి రెండుసార్లు అక్వేరియం చూశాం. మొదటిసారి రోజు ఎంచుకోవడంలోనే తప్పు చేశాం. ఆదివారం మధ్యాహ్నం లోపలికి వెళ్ళి, జనంతో పాటు నడుచుకుంటూ ముప్పావుగంటలో బయటపడ్డాం. రెండోసారి పనిరోజున, తలుపులు తీసే వేళకే వెళ్ళి మూడు గంటలు దాటి ఉన్నాం. ఆ తేడా ఎక్కడొచ్చిందో గోదావరి జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళకి పనికొచ్చేలా రాస్తున్నాను.

మనకి దగ్గర్లో విశాఖ ఆర్.కె. బీచ్ రోడ్డు మీద మత్స్యదర్శిని ఉంది. చిన్నది, బీచ్‌కి వెళ్ళినప్పుడు గంటలో చూసి రావచ్చు. నీళ్ళ కింద సొరంగంలో నడుస్తుంటే తలమీదుగా సొరచేప వెళ్ళడం చూపించాలనుకుని మేం చెన్నై వెళ్ళాం. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కంలో ఉన్న వీజీపీ మెరైన్ కింగ్‌డమ్‌ని 2019లో తెరిచారు. వానాటవి, కొండలోయ, మడ అడవి, తీరం, లోతు సముద్రం అని ఐదు భాగాలు. అంటే కొండల్లో పుట్టిన నీళ్ళు సముద్రంలో కలిసేదాకా ఉన్న దారి. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకి ఈ వరస ఇట్టే అర్థమవుతుంది. మద్రాసుకి అక్వేరియం కొత్త కూడా కాదు. 1909లోనే మెరీనా ఒడ్డున ఒకటి తెరిచారు. లండన్ జూలో మొదటి చేపల మందిరం 1853లో వచ్చింది, అంటే మధ్యలో 56 ఏళ్ళే తేడా.

రోజు ఎంచుకోవడం దగ్గరే సగం పని అయిపోతుంది. మన పిల్లలకి సెలవు ఉండి, అక్కడి పిల్లలకి బడి ఉన్న రోజు కావాలి. సంక్రాంతి సెలవులు మనకి భోగికి కొన్నాళ్ళు ముందే ఇచ్చేస్తారు. ఆ రోజుల్లో వెళ్తే అక్కడ రద్దీ ఉండదు, భోగి మంటకి ఇంటికి తిరిగి రావచ్చు. పండగ తర్వాత వెళ్దామని మాత్రం పెట్టుకోవద్దు. మన ముక్కనుమ రోజున వాళ్ళకి కాణుం పొంగల్. ఆ రోజు చెన్నైలో ఇంట్లో ఉండేవాళ్ళు తక్కువ, బీచ్‌లూ పార్కులూ అన్నీ కిక్కిరిసిపోతాయి. మే నెల ఎండకి పెద్దవాళ్ళు ఆగలేరు. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు.

రైలుకి మేం ఎప్పుడూ సర్కార్ ఎక్స్‌ప్రెస్సే ఎక్కుతాం. భీమవరం టౌన్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి చెన్నై ఎగ్మోర్. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. పండగ సెలవులకైతే ఆ రోజు పొద్దున్నే చేసుకోవాలి, లేకపోతే అమ్మకి కింద బెర్తు దొరకదు. ఎగ్మోర్ నుంచి ఇంజంబాక్కం సుమారు 20 కిలోమీటర్లు, దక్షిణంగా. పెద్దవాళ్ళూ, చిన్నపిల్లలూ ఉన్నప్పుడు బస్సులు మారడం కన్నా కారు మాట్లాడుకోవడం మేలు. రైలు దిగి తిన్నగా వెళ్ళొద్దు. గది తీసుకుని స్నానాలు చేసి, టిఫిను తిని, పిల్లలు ఒక గంట కునుకు తీశాక బయల్దేరాలి. రాత్రంతా కిటికీ దగ్గర కూర్చున్న పిల్లాడు చీకటి హాల్లో చల్లగాలికి నిలబడి నిద్రపోతాడు. మొదటిసారి మా పాప సగం చేపలు చూడనేలేదు, నా భుజం మీద పడుకునే ఉంది.

టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. తీసుకునే ముందు మూడు సంగతులు ఫోన్ చేసి కనుక్కోవాలి. పిల్లల టికెట్టు వయసు మీదా, ఎత్తు మీదా? ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఆ రోజు మేత వేసే వేళ ఎప్పుడు? లోపల వెనక్కి తిరిగి నడవనిస్తారా, దారి ఒకవైపేనా? మూడోది అందరూ వదిలేస్తారు, అసలు ముఖ్యమైనది అదే. దారి ఒకవైపే అయితే సొరంగం దాటాక మళ్ళీ రాలేం, బాత్రూమ్‌కని బయటికొస్తే టికెట్టు మళ్ళీ చెల్లకపోవచ్చు. కాబట్టి లోపలికి అడుగుపెట్టే ముందే పిల్లల్ని, పెద్దవాళ్ళని ఒకసారి బాత్రూమ్‌కి పంపాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి చక్రాల కుర్చీ ఉందేమో గేటు దగ్గరే అడగాలి. "నాకెందుకురా కుర్చీ, నేనేం ముసలిదాన్నా" అని అమ్మ అంది కానీ, గంట తర్వాత తనే కూర్చుంది. ఆ తర్వాత అందరికన్నా ఎక్కువ చూసింది కూడా తనే. కూర్చున్నవాళ్ళ కళ్ళు తొట్టె మధ్య ఎత్తుకి వస్తాయి, చేపలు ఎక్కువ తిరిగేది అక్కడే.

బట్టలు ముదురు రంగువి వేసుకోవాలి. ఇది చాలామందికి తెలియదు. తెల్ల చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడితే ఆ చొక్కాయే అద్దంలో కనపడుతుంది, వెనక చేప కనపడదు. ఫోటోల్లో అయితే మరీను. నేలమీద తడి ఉండే చోట్లుంటాయి, కాబట్టి జారని చెప్పులు. పిల్లలకి పల్చటి స్వెట్టరు.

ఎండలోంచి లోపలికి వెళ్ళగానే ఏమీ కనపడదు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి కనీసం పది నిమిషాలు పడుతుంది, పెద్దవాళ్ళకి ఇంకా ఎక్కువ. జనం ఈ పది నిమిషాల్లోనే మొదటి మూడు నాలుగు తొట్టెలు దాటేస్తారు. మేం రెండోసారి మొదటి తొట్టె దగ్గరే ఆగిపోయాం. మాతో పాటు వచ్చిన గుంపు ముందుకెళ్ళిపోయింది, వెనక గుంపు ఇంకా రాలేదు. ఆ మధ్యలో హాలంతా మాదే అన్నట్టుంది. మూడు గంటలూ ఇదే పద్ధతి పాటించాం. గుంపు వస్తే పక్కకి జరిగి పోనివ్వడం, వాళ్ళు వెళ్ళాక అద్దం దగ్గరకి రావడం.

ఇక నీళ్ళ సంగతి. చెరువు గట్టు మీద నిలబడ్డ రైతు ముందు నీటి రంగు చూస్తాడు, తర్వాత నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల వైపు చూస్తాడు, ఆ తర్వాతే మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగుతాడు. అక్వేరియంలో కూడా ఆ వరసే పాటించమని పిల్లలకి చెప్పాను. మన చెరువులో నీళ్ళు లేత పచ్చగానో, గోధుమరంగుగానో ఉంటే బాగున్నట్టు. ఆ రంగు ప్లాంక్టన్‌ది, అంటే నీళ్ళలో తేలే కంటికి ఆనని నాచుది. పగలు ఆక్సిజన్ ఇచ్చేది, అమ్మోనియాలో చాలాభాగం తినేసేది అదే. రాత్రి అదే ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున డీవో పడిపోయి రొయ్యలు తేలతాయి. అక్వేరియంలో ప్లాంక్టన్ ఉండనివ్వరు, ఉంటే చేప కనపడదు. మరి ఆ పనంతా ఎవరు చేస్తున్నారు? గోడ వెనక ఉన్న మిషన్లు, వాటిలో పెరిగే బాక్టీరియా. మనకి కనిపించే హాలు ఎంతుంటుందో, కనపడని పంపులూ ఫిల్టర్లూ పైపులూ నీళ్ళని చల్లబరిచే చిల్లర్లూ దాదాపు అంత జాగా తీసుకుంటాయి.

మా వాడు అడిగిన మొదటి ప్రశ్న: "నాన్నా, ఈ నీళ్ళన్నీ ఎప్పుడు మారుస్తారు?" మంచి ప్రశ్న. జవాబు, అన్నీ ఎప్పుడూ మార్చరు. చేప రెట్టలోంచి, మొప్పల్లోంచి, మిగిలిపోయిన మేతలోంచి అమ్మోనియా వస్తుంది. ఫిల్టర్లలో రాళ్ళకీ, ప్లాస్టిక్ ముక్కలకీ అంటుకుని పెరిగే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే, మూడోది అంతగా కాదు. ఆ నైట్రేట్ పేరుకుపోకుండా కొంచెం కొంచెం నీళ్ళు తీసి కొత్తవి పెడతారు. మనం చెరువుకి ప్రోబయోటిక్ వేసేది కూడా ఇలాంటి బాక్టీరియా కోసమే. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషమవుతుంది. సముద్రపు తొట్టెల్లో పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి అక్కడ అమ్మోనియా అసలు కనపడకూడదు.

సముద్రపు చేపల తొట్టె వెనక చిలికినట్టు నురగ వచ్చే పొడుగాటి గొట్టం ఒకటి ఉంటుంది. ప్రొటీన్ స్కిమ్మర్ అంటారు. కిందనుంచి సన్నటి గాలి బుడగలు వదిలితే నీటిలో కరిగిన జిడ్డు, మాంసకృత్తులు బుడగలకి అంటుకుని నురగలా పైకొచ్చేస్తాయి. దాన్ని తీసి పారేస్తారు. అంతర్వేదిలో అల విరిగి వెనక్కి వెళ్ళాక ఇసుక మీద పసుపు నురగ మిగులుతుంది చూడండి, అదే పని సముద్రం తనంతట తను చేసుకుంటోంది. మంచినీటిలో బుడగలు పెద్దవై తొందరగా పగిలిపోతాయి, అందుకే ఈ పద్ధతి ఉప్పునీటికే బాగా పనిచేస్తుంది.

ఉప్పు లెక్క మన పిల్లలకి బాగా పట్టుబడుతుంది. సముద్రపు నీరు 35 పీపీటీ, అంటే లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలు. మా వైపు లోపలి ఊళ్ళలో వెనామీ రొయ్య 5 పీపీటీ కన్నా తక్కువలో కూడా పెరుగుతోంది. పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు ఉన్న మామూలు తొట్టె తీసుకుంటే 200 ఘనపుటడుగులు, సుమారు 5,660 లీటర్లు. దానికే దాదాపు 200 కిలోల ఉప్పు, నాలుగు బస్తాలు. అది వంటుప్పు కాదు, మెగ్నీషియం, కాల్షియం లాంటివన్నీ సముద్రంలో ఉన్న పాళ్ళలో కలిసుండాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. వేసవిలో మన చెరువుల్లో ఉప్పదనం పెరిగినట్టే అక్కడా పెరుగుతుంది కాబట్టి రోజూ మంచినీళ్ళు పోసి సరిచేస్తారు. ఇంకో సంగతి, ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 26 డిగ్రీల దగ్గర 35 పీపీటీ నీరు నిండుగా పట్టుకున్నా లీటరుకి ఆరున్నర మిల్లీగ్రాముల పైచిలుకే. పంపు ఆగితే ఎంత టైము ఉంటుందో కరెంటు పోయిన రాత్రి జనరేటర్ కోసం పరుగెత్తిన ఏ రైతుకైనా తెలుసు.

ఇవన్నీ తెలిస్తే తొట్టె ముందు చూడాల్సినవి వాటంతట అవే తెలుస్తాయి. నీరు లోపలికి వచ్చే చోటు ఎక్కడుంది? చేపలన్నీ అక్కడే గుమిగూడి మొప్పలు గబగబా ఆడిస్తున్నాయంటే ఆక్సిజన్ తక్కువని. తొట్టె అంతా పరుచుకుని తీరిగ్గా తిరుగుతున్నాయంటే బాగున్నట్టు. ఒంటిని రాళ్ళకి రుద్దుకుంటున్న చేప ఉంటే పరాన్నజీవులేమో అని అనుమానించాలి. మా పాప ఒక చేపని ఎంచుకుని అది నిమిషానికి ఎన్నిసార్లు నోరు తెరిచిందో లెక్కపెట్టింది. నాలుగేళ్ళ పిల్ల ఒకే చేప ముందు అంతసేపు నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

మంచినీటి భాగంలో అమెజాన్ నది చేపలుంటాయి. అరపైమా కనిపిస్తే తొందరపడి కదలకండి. పెద్ద చేప, రెండు మీటర్లు దాటి పెరుగుతుంది, అడుగున దుంగలా కదలకుండా ఉంటుంది కాబట్టి అందరూ చూసి వెళ్ళిపోతారు. పది నుంచి ఇరవై నిమిషాలకోసారి అది పైకి వస్తుంది. మూతి నీటి పైన పెట్టి గుప్పున గాలి మింగి, గట్టిగా చప్పుడు చేసి కిందకి జారిపోతుంది. అమ్మ ఆ చప్పుడు వినగానే "ఒరేయ్, ఇది మన కొర్రమీనులా గుటక వేస్తోందేంటి!" అంది. సరిగ్గా పట్టుకుంది. కొర్రమీనుకీ దీనికీ మొప్పలు చాలవు, పైకొచ్చి గాలి పీల్చకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతాయి. బొచ్చె, శీలావతి అలా కావు. వేసవిలో కాలువలు కట్టేశాక బురదగుంటల్లో మిగిలేది కొర్రమీనే ఎందుకో పిల్లాడికి అక్కడ అర్థమైంది.

మడ అడవి భాగం మనకి కొత్తేం కాదు, అందుకే అక్కడ ఇంకా ఎక్కువసేపు ఉండాలి. చెన్నై వెళ్ళే ముందు పిల్లల్ని ఒకసారి కోరంగి తీసుకెళ్ళి చెక్క వంతెన మీద నడిపించండి. పోటు దిగాక బురదలోంచి మేకుల్లా నిలబడ్డ మడచెట్ల ఊపిరి వేళ్ళు, బురద మీద గెంతే చిన్న చేపలు, బొరియల దగ్గర పీతలు చూసినవాళ్ళకి అద్దం వెనక ఉన్నది బొమ్మలా అనిపించదు. ఊపిరి వేళ్ళు ఎందుకంటే, ఆ బురదలో ఆక్సిజన్ లేదు కాబట్టి చెట్టు వేళ్ళని పైకి పెట్టి గాలి తీసుకుంటుంది. చెరువు అడుగున నల్లమట్టి, కుళ్ళిన గుడ్డు వాసన తెలిసినవాళ్ళకి ఇంక వేరే వివరం అక్కర్లేదు. పండుగప్ప కూడా ఇలాంటి చోటే పెరుగుతుంది. అది చిన్నప్పుడు మగది, పెద్దయ్యాక చాలావరకు ఆడదవుతుంది. పిల్లలందరూ వెతికే నారింజరంగు క్లౌన్ ఫిష్ కూడా అంతే. గుంపులో పెద్ద ఆడది పోతే దాని జత మగది ఆడదిగా మారుతుంది. సముద్రపు గుర్రాల్లోనైతే పిల్లల్ని పొట్ట సంచిలో మోసేది మగది. మా ఇంట్లో ఈ మూడింటి మీదా రైలెక్కేదాకా చర్చ నడిచింది.

జెల్లీ చేపల తొట్టె గుండ్రంగా ఎందుకుంటుందో చూడండి. వాటికి ఈదే బలం తక్కువ, ప్రవాహం ఎటు తోస్తే అటు పోతాయి. మూలలుంటే అక్కడ ఇరుక్కుని చిరిగిపోతాయి. అందుకే నీరు చక్రంలా తిరిగేలా చేస్తారు. వెలుతురు రంగులు మారుతుంటే జనం ఆ రంగుల్ని చూస్తారు, నాకు మాత్రం నీటి తిరుగుడే ముచ్చటగా అనిపించింది.

సొరంగం దగ్గర చిన్నపిల్లలు భయపడతారు. తలమీద పెద్ద చేప నీడ పడటం ఒక భయం, చుట్టూ నీళ్ళు ఉండటం ఇంకోటి. ముందు అదే తొట్టెని పక్కనున్న చదును అద్దంలోంచి చూపించి, "ఇదిగో ఇదే చేప, ఇప్పుడు కిందనుంచి చూద్దాం" అని చెప్పి తీసుకెళ్తే పాప ఏడవలేదు. అది అద్దం కాదు, యాక్రిలిక్. గాజులో సగం కూడా బరువుండదు, పగలడం కష్టం, వంచొచ్చు, ముక్కల్ని అతుకు కనపడకుండా కలపొచ్చు. మీటరు లోతుకి చదరపు మీటరు మీద టన్ను బరువు పడుతుంది. నాలుగు మీటర్ల లోతున ఉన్న సొరంగం మీద చదరపు మీటరుకి నాలుగు టన్నులు. అందుకే అది అంగుళాల మందం ఉంటుంది. కానీ గీతలు మాత్రం ఇట్టే పడతాయి. చేతి గాజులు, ఉంగరాలు, బెల్టు బకిల్, బ్యాగు జిప్పు దానికి రాసుకోకుండా చూసుకోవాలి. పిల్లలు నాణెంతో కొడతారు, అది అసలు వద్దు. ఆ గీత తర్వాత వచ్చే ప్రతివాళ్ళకీ అడ్డమవుతుంది.

ఒక పరీక్ష చెప్తాను. చదును అద్దంలోంచి చూస్తే చేప ఉన్నదానికన్నా పావువంతు దగ్గరగా, మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది. నాలుగడుగుల దూరంలో ఉన్నది మూడడుగుల్లో ఉన్నట్టుంటుంది. వెలుగు నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగడం వల్ల అది. సొరంగంలో గోడ వంపు నీటివైపుకి ఉంటుంది కాబట్టి అక్కడ ఈ లెక్క తిరగబడుతుంది, చేప అసలుకన్నా చిన్నగా కనిపిస్తుంది. ఒకే టేకు చేపని (స్టింగ్‌రే) రెండుచోట్లా చూసి పోల్చమని పిల్లలకి చెప్పండి. మా వాడు నమ్మలేక రెండుసార్లు వెనక్కీ ముందుకీ తిరిగాడు. సొరంగంలో నడుస్తూ చూడకూడదు. గుంపు పోయేదాకా ఒక పక్కకి ఆనుకుని నిలబడి, పైకి చూస్తూ ఉంటే చేపలే చుట్టూ తిరిగి మన దగ్గరకి వస్తాయి. టేకు చేప సొరంగం మీద వాలినప్పుడు దాని పొట్టవైపు నోరు, ఐదు జతల మొప్ప చీలికలు చేతికందేంత దగ్గరలో కనిపిస్తాయి. వలలో పడ్డ టేకుని చూసినవాళ్ళకి కూడా అది ఊపిరి తీసుకుంటుండగా ఆ చీలికలు ఆడటం కొత్తే.

మేత వేసే వేళకి పావుగంట ముందే చోటు పట్టుకోవాలి. చేపలకి కూడా టైము తెలుసు, అవి కూడా అప్పటికే ఒకవైపుకి చేరుతుంటాయి. సొరచేపలు అదే తొట్టెలో ఉన్న పార చేపల్ని ఎందుకు తినవని ప్రతి పిల్లాడూ అడుగుతాడు. కడుపు నిండి ఉన్నాయి కాబట్టి. వాటికి కర్రకి గుచ్చి విడిగా పెడతారు, ఏది ఎంత తిందో రాసుకుంటారు, రోజూ కూడా పెట్టరు. మనం చెక్ ట్రేలో మేత మిగిలిందా లేదా చూసి మర్నాడు మేత తగ్గించేదీ పెంచేదీ ఇలాగే. మేత మిగిలితే ఖర్చొక్కటే కాదు, ఆ మిగిలినది అమ్మోనియాగా తిరిగొస్తుంది.

ఫోటోలకి ఫ్లాష్ ఆపేయాలి. చేపలు బెదురుతాయి, పైగా వెలుగంతా మన మొహానికే తిరిగొడుతుంది. ఫోన్‌ని యాక్రిలిక్‌కి ఆనించి, నిటారుగా పట్టుకోవాలి. పక్కనుంచి ఏటవాలుగా తీస్తే చేప అంచులకి ఇంద్రధనుస్సు రంగులొచ్చి మసకబారుతుంది. చేతులు పెట్టి తాకే తొట్టె ఉంటే ముందు చేతులు వట్టి నీళ్ళతో కడగాలి, సబ్బు, శానిటైజర్ కూడదు. రెండు వేళ్ళతో పైన నిమరాలి తప్ప పట్టుకుని పైకి తీయకూడదు.

బయట తీరం పొడవునా గవ్వలూ శంఖాలూ అమ్ముతుంటారు. మామూలు గవ్వలు సరే, కానీ వాటిలోనూ చట్టం రక్షణలో ఉన్న రకాలు కొన్ని ఉన్నాయి. ఎండబెట్టిన సముద్రపు గుర్రం, పగడపు ముక్క ఎవరైనా ఇవ్వబోతే తీసుకోవద్దు. 2001లో సముద్రపు గుర్రాల్ని, పగడాల్ని వన్యప్రాణి రక్షణ చట్టంలో చేర్చారు, దగ్గర ఉంచుకోవడమే నేరం.

ఇక అసలు తగువు తిరుగు ప్రయాణంలో మొదలవుతుంది. ఇన్ని చేపలు చూశాక పిల్లలు చేప కొనమంటారు. చెన్నైలో కొళత్తూరు రంగుచేపల వ్యాపారానికి పేరున్న చోటు. మన హేచరీ నుంచి రొయ్య సీడ్ వచ్చినట్టే ప్యాక్ చేస్తారు. సంచిలో మూడోవంతు నీరు, రెండు వంతులు ఆక్సిజన్, రెండు సంచులు ఒకదాంట్లో ఒకటి, బయట థర్మోకోల్ పెట్టె. ముందురోజు మేత ఆపించాలి, లేకపోతే సంచిలోనే రెట్ట వేసి నీళ్ళు పాడుచేసుకుంటాయి. ఇంటికి వచ్చాక సంచి కట్టు విప్పకుండా తొట్టెలో 20 నిమిషాలు తేలనివ్వాలి. తర్వాత ఐదు నిమిషాలకోసారి కప్పు చొప్పున తొట్టె నీళ్ళు సంచిలో పోస్తూ అరగంట ఆగాలి. ఆఖరికి చేపని వలతో తీసి వదలాలి, సంచి నీళ్ళు తొట్టెలో పోయకూడదు. అలా ప్యాక్ చేసినవి రైలులో ఒక రాత్రి ప్రయాణానికి తట్టుకుంటాయి, ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా ఇంట్లో ఉన్న తొట్టెతోనే. కొత్త తొట్టెలో నీళ్ళు పోసి మర్నాడు చేపలు వేస్తే వారంలో పోతాయి. పంపు నీళ్ళలో క్లోరిన్ ఉంటే మొదటి రోజే పోతాయి. ఫిల్టర్‌లో బాక్టీరియా పెరగడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అందుకని మేం కొళత్తూరులో ఏమీ కొనలేదు, పిల్లాడు ఎగ్మోర్ దాకా మాట్లాడలేదు. ఇప్పుడు మా హాల్లో రెండడుగుల తొట్టె చేపలు లేకుండా ఫిల్టర్‌తో నడుస్తోంది. రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనిస్తున్నాం. ముందు అమ్మోనియా లేవాలి, తర్వాత నైట్రైట్ లేవాలి, రెండూ సున్నాకి దిగాలి. వాడు నా టెస్ట్ కిట్ తీసుకుని రెండు రోజులకోసారి చూసి నోట్‌బుక్‌లో రాస్తున్నాడు. నిన్న సాయంత్రానికి అమ్మోనియా 0.5 ఉంది, మొన్నటి కన్నా తగ్గింది. నైట్రైట్ ఇంకా ఎక్కువే. రెండూ సున్నా వచ్చి ఒక వారం నిలబడితే ఆరు గప్పీ చేపలు వేస్తాం.